మిషన్ కంటే ముందు తిరిగే మనిషి

ఆ పళ్ల స్కానింగ్ సెంటర్లో మిషన్ తిరిగే ముందు మనిషి తిరుగుతాడు. ఈ నియమం ఏ కాగితం మీదా లేదు, ఏ గోడకీ వేలాడదు. అయినా పదకొండేళ్లుగా ఒక్క దవడ కూడా దీన్ని తప్పించుకుని మిషన్ గదిలోకి వెళ్లిన దాఖలా లేదు.

తిరిగే ఆ మనిషి స్కాన్లు తీసే టెక్నీషియన్. వయసు యాభై ఆరు. గదిలోకి ముందు ఆయన పొట్ట వస్తుంది, తర్వాత మీసం, ఆ తర్వాత తీరిగ్గా మిగతా మనిషి. పేషంటు రాగానే ముందుగదిలో స్టూలు మీద కూర్చోబెడతాడు. కుడిచేత్తో నీలం ప్లాస్టిక్ బకెట్టు, ఎడమచేత్తో స్టీలు ట్రే పట్టుకుని, పేషంటు తల రెంటికీ నడుమ వచ్చేలా చేతులు చాచి, "జుయ్‌య్‌య్‌..." అని నోటితో మోత పెడుతూ చుట్టూ తిరుగుతాడు. మోకాళ్లు టక్కుటక్కుమని తాళం వేస్తాయి. అందుకే అందరూ ఆయన్ని గిరగిర మాస్టారు అంటారు. అసలు పేరు మెడలో వేలాడే కార్డు మీద ఉంది గానీ, అంత తిరుగుడులో ఆ కార్డు ఎప్పుడూ బోర్లా పడే ఉంటుంది.

"ఇదిగో, ఈ బకెట్టు కిరణాలు వదిలేది. ఈ ట్రే వాటిని పట్టుకునేది. మధ్యలో ఉన్నది తమరి తలకాయ. లోపల మిషన్ చేసేదీ ఇదే. కాకపోతే దానికి పొట్ట లేదు, ఆయాసం రాదు."

"ఎంతసేపు తిరుగుతుందండీ?"

"పదిహేను సెకండ్లు. ఆ పదిహేను సెకండ్లూ మీరు విగ్రహం. గుటక వేయకూడదు, నాలుక ఆడకూడదు, తల తిప్పకూడదు. కదిలితే బొమ్మ అలుక్కుపోతుంది. అలుక్కుపోతే మళ్లీ తీయాలి. మళ్లీ తీస్తే ఇంకోసారి కిరణాలు. అర్థమైందా? జుయ్‌య్‌య్‌... అమ్మో, బల్లి!"

పేషంటు అదిరిపడి పైకి చూస్తాడు.

"ఫెయిల్!" అంటాడు మాస్టారు, బకెట్టు కింద పెట్టి. "బల్లి లేదు, ఏమీ లేదు. మళ్లీ మొదట్నించి."

ఈ మోతంతా తలుపు అవతల హాల్లోకి వినిపిస్తుంది. హాల్లో వరసగా కూర్చున్న జనం, చెంపలకి చేతులు ఆనించుకుని, ఆ తలుపుకేసి అనుమానంగా చూస్తారు. వాళ్లకి జవాబు చెప్పుకోవలసిన మనిషి రిసెప్షన్ కౌంటరు వెనక కూర్చునే ఆవిడ. తొమ్మిదేళ్లుగా ఆ కౌంటరు దాటి ఇవతలికి వచ్చిన పాపాన పోలేదు గనక ఆవిడ పేరు కౌంటరమ్మగా స్థిరపడిపోయింది.

"లోపల ఏం జరుగుతోంది మేడమ్?"

"రిహార్సలండీ."

"నాటకమా?"

"దాదాపు."

"ఈ 'జుయ్' ఏంటి? మిషనా?"

"మిషన్ చప్పుడు చేయదండీ. అది మా మాస్టారు."

రోజుకి ఇరవైసార్లు ఇదే సంభాషణ. కౌంటరమ్మకి నిద్రలో కూడా "దాదాపు" అనే మాట వచ్చేదని వాళ్లాయన చెప్పేవాడు. బకెట్టు అంటే ఆవిడకి ఎంత విరక్తి కలిగిందంటే, ఇంట్లో స్నానానికి చెంబుతో నేరుగా పంపు కింద పట్టుకోవడం మొదలుపెట్టింది.

మాస్టారి పరీక్షలో ఫెయిలైన వాళ్లలో పెద్దపేరు ఒక రిటైర్డు హెడ్మాస్టరుగారిది. ఆయన మొదటిసారి బల్లికి తిరిగారు. రెండోసారి "మీ చెప్పులు ఎవరో వేసుకెళ్తున్నారు" అంటే తిరిగారు. మూడోసారి మాస్టారు ఏమీ అనలేదు. ఏమంటాడోనని ఆయనే తిరిగి చూశారు. జీవితంలో ఎన్నడూ ఫెయిలవని మనిషి, ముఖం ఎర్రగా చేసుకుని ఇంటికి వెళ్లిపోయారు. వారం రోజులు కోడలి చేత జల్లెడా పళ్లెమూ పట్టించి తన చుట్టూ తిప్పించుకున్నారట. తిరిగొచ్చి, "ఇప్పుడు అడగవయ్యా" అని స్టూలెక్కి కూర్చుంటే, మాస్టారు "మీకు బెస్ట్ టీచర్ అవార్డు వచ్చిందటండీ" అన్నాడు. హెడ్మాస్టరుగారు కనురెప్ప కూడా కదపలేదు. బయటికొచ్చి కౌంటరు దగ్గర మాత్రం, "ఆ అవార్డు సంగతి నిజమేనా అమ్మా?" అని మెల్లగా వాకబు చేశారు.

ఒకరోజు దర్జీ పని చేసే ఆవిడ వచ్చింది. తల మీదా మెడ మీదా లోహం ఉండకూడదు, కమ్మలూ గొలుసూ పిన్నులూ కళ్లజోడూ కట్టుడు పళ్లూ అన్నీ తీసి ట్రేలో పెట్టమన్నాడు మాస్టారు.

"తీయకపోతే ఏమవుతుంది?"

"రాత్రిపూట ఎదురుగా లారీ లైట్లేసుకుని వస్తే రోడ్డు కనిపిస్తుందా? లోహం కూడా అంతే. బొమ్మంతా చారలు చారలుగా మెరుస్తుంది. చూడాల్సిన పన్ను ఆ మెరుపులో పోతుంది."

ఆవిడ కమ్మలు తీసింది. జడలోంచి పిన్నులు తీసింది. మెడలో దండలా గుచ్చుకున్న గుండుసూదులు తీసింది. కాలరు మడతలోంచి సూదులు తీసింది. తీస్తూనే ఉంది. "ఇంకా ఉన్నాయా తల్లీ?" అని మాస్టారు. "ఆగండి, చెవి వెనక ఒకటి పెట్టాను" అని ఆవిడ. ట్రే బరువెక్కిపోయి ఆ పూట మాస్టారు బకెట్టు ఒక్కటే పట్టుకుని, రెండోవైపు వట్టి అరచేత్తో తిరగాల్సి వచ్చింది.

ఇదంతా నవ్వులాట అనుకుంటే సరిపోయేది. కానీ మాస్టారు తిరుగుతూ తిరుగుతూ ప్రశ్నలు వేసేవాడు. ప్రశ్నలు వేయడమే కాదు, వేయించుకునేవాడు. పేషంటు కనీసం ఒక్కటైనా అడగందే రిహార్సల్ పూర్తికాదు.

"అడగండి."

"ఏమడగాలి?"

"ఈ స్కాను నాకెందుకు అని అడగండి."

"డాక్టరు రాశాడుగా."

"డాక్టరు రాశాడు. తల మీది. అడగండి."

దవడలో అడ్డంగా పడుకున్న జ్ఞానదంతం నరానికి ఎంత దూరంలో ఉందో చూడాలంటే ఈ స్కాను కావాలి. ఊడిన పన్ను స్థానంలో మర బిగించి కొత్త పన్ను పెట్టాలంటే, కింద ఎముక ఎంత మందం ఉందో చూడ్డానికి కావాలి. మామూలు ఫిల్ములో పన్ను గోడ మీది నీడలా పడుతుంది, ముందేదో వెనకేదో తెలియదు. ఇందులో చుట్టూ తిరిగి చూడొచ్చు. అంతా నిజమే. కానీ పంటి మీద నల్లచుక్క కనిపించినవాడికల్లా "మొత్తం నోరు" అని టిక్కు పెట్టి పంపించే మహానుభావులూ ఉన్నారు. కిరణాలు పెద్దాసుపత్రి తల స్కానంత కాకపోయినా, వేలెడంత చిన్న ఫిల్ము కంటే ఎక్కువే. అవసరానికి మించి ఎవరికైనా ఎందుకు? పిల్లలకైతే మరీ ఎందుకు? మాస్టారు ఇది వివరించి చెప్పి, బకెట్టు చంకన పెట్టుకుని, చీటీ రాసిన డాక్టరుకి ఫోను చేసేవాడు. "అయ్యా, ఈ అబ్బాయికి ఒక్క పన్నే కదా నొప్పి? చిన్న ఫిల్ము సరిపోదా? పోనీ, ఆ మూల వరకే తీస్తే?" సగంమంది డాక్టర్లు "ఆ, సరే, అలాగే కానీ" అనేవాళ్లు. మిగతా సగం ఫోను పెట్టేసి సెంటరు యజమానికి ఫోను చేసేవాళ్లు.

పావురాల సంగతి జరిగాక ఈ ఫోన్లు రెట్టింపయ్యాయి. లిఫ్టు ఆపరేటరుగా పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన వచ్చాడు. రెండో చుట్టులో మాస్టారు మామూలుగా, "ఈ మధ్య ఇంకెక్కడన్నా ఇలాంటిది తీయించుకున్నారా?" అన్నాడు.

"ఆ, రెండు నెలల కిందట. మా ఇంటి దగ్గర."

బకెట్టు గాల్లో ఆగిపోయింది. "ఆ డిస్కు ఇచ్చారా?"

"ఇచ్చారు. తళతళలాడుతూ బావుంటుంది. బాల్కనీలో దారం కట్టి వేలాడదీశాం. పావురాలు రాకుండా."

"వస్తున్నాయా?"

"ఒక్కటి రావట్లేదు!"

మాస్టారు ఆయన్ని మిషన్ గదిలోకి పంపలేదు. ఇంటికి పంపాడు. గంట తర్వాత పెద్దాయన దారంతో సహా డిస్కు పట్టుకొచ్చాడు. దాని మీద పావురాలు తమ అభిప్రాయాన్ని స్పష్టంగానే రాసి వెళ్లాయి. మాస్టారు తడిబట్టతో తుడిచి కంప్యూటర్లో పెడితే, ఆయన దవడ చక్కగా, పై నుంచి కింది దాకా కనిపించింది. డాక్టరు అదే సరిపోతుందన్నాడు. "మీ దవడ మీది, దాని బొమ్మా మీదే. అడిగి తీసుకోండి, దాచుకోండి, ఎవరు కొత్తగా తీయమన్నా ముందు ఇది చూపించండి" అని మాస్టారు డిస్కుకి సంచీ కూడా కుట్టి ఇచ్చాడు. పెద్దాయన గుమ్మం దగ్గర ఆగి, "మరి పావురాలకి?" అన్నాడు. మాస్టారు ఆయనకో పాత పాటల డిస్కు ఇచ్చి పంపాడు.

ఈ సంగతి విని నవ్వనివాడు ఒక్కడే. అతను కొత్తగా వచ్చిన మేనేజరు. యజమాని అయిన డాక్టరుగారి భార్యకి తమ్ముడు. అందరూ బావమరిది అనే అంటారు, ఎదురుగా ఉంటే "గారు" తగిలిస్తారు.

"ఒక స్కానుకి ఎంతసేపు పడుతోంది?" అని అడిగాడు వచ్చిన రోజే.

"పదిహేను సెకండ్లండీ" అంది కౌంటరమ్మ.

"మరి ఈయన ఒక్కొక్కరి దగ్గర ఇరవై నాలుగు నిమిషాలు ఏం చేస్తున్నాడు?"

"తిరుగుతున్నాడండీ."

బావమరిది లోపలికి వెళ్లి చూశాడు. ఒక బ్యాంకు గుమస్తా స్టూలు మీద రాయిలా కూర్చుని ఉన్నాడు. మాస్టారు అతని చుట్టూ ఏడో చుట్టులో ఉన్నాడు. "ఎవరది, మీ మేనేజరా?" అన్నాడు మాస్టారు తిరుగుతూనే. గుమస్తా కదల్లేదు. "శభాష్, పాస్! మేనేజరు వచ్చినా కదల్లేదంటే ఇక మీకు తిరుగులేదు." బావమరిది ముఖం మాడిపోయింది.

మర్నాడే ఒక ఉత్తర్వు వచ్చింది: టెక్నీషియన్ పేషంటు చుట్టూ తిరగరాదు. వారం రోజులు గడువు. ఈ వారంలో ఒక్క చుట్టు తిరిగినా శనివారం సాయంత్రంతో ఆయన ఉద్యోగం ఆఖరు. డాక్టరుగారు సంతకం పెడతారు. యాభై ఆరేళ్ల మనిషిని ఇంకో సెంటరు చేర్చుకోదని మాస్టారికీ తెలుసు, బావమరిదికీ తెలుసు. ఇన్నాళ్లూ మాస్టారు ముందుగదిలో అడిగే, గర్భం ఉందా లాంటి ప్రశ్నలు ఇకపై కౌంటరు దగ్గరే ఫారం చూసి అడిగి నింపాలి. ఆ ఉత్తర్వుకి ఆధారంగా, ఆలస్యాల మీద ఒక ఫిర్యాదు కావలసి వచ్చింది. దాన్ని కౌంటరమ్మ రాసింది. బలవంతం ఏమీ లేదు. తొమ్మిదేళ్ల "దాదాపు"లన్నీ గుర్తుచేసుకుని, రెండు పేజీలు, హాయిగా రాసింది.

నీలం బకెట్టు అసలు సెంటరు ఊడ్చి తుడిచే పెద్దమ్మది. మాస్టారు దాన్ని తెచ్చి ఆవిడ ముందు పెడితే, "పదకొండేళ్లకి నా బకెట్టు నాకు దక్కింది" అని ఆవిడ దాన్ని తిప్పి తిప్పి చూసుకుంది. "ఏం చేశావయ్యా దీన్ని? ఒక్క చుక్క నీళ్లు పోయకుండా ఇంత అరగదీశావు?"

వారం మొదలైంది. మాస్టారు కరెంటు పోయిన ఫ్యానులా నిలబడేవాడు. "కూర్చోండి. గడ్డం ఇక్కడ. ఈ ప్లాస్టిక్ ముక్క కొరకండి. కదలకండి." బటను. అయిపోయింది. ఒక్కొక్కరికి ఆరు నిమిషాలు. హాలు ఖాళీ అయిపోతోంది. బావమరిది కౌంటరు దగ్గరకొచ్చి, "చూశారా?" అనేవాడు. "చూశానండీ" అనేది కౌంటరమ్మ.

ఆవిడ నిజంగానే చూసింది. సోమవారం ఎంతో సుఖంగా ఉంది. మంగళవారం ఒక లారీ డ్రైవరు మిషన్ తన వెనక్కి వెళ్లగానే ఎవరో వస్తున్నారనుకుని తల తిప్పాడు, మళ్లీ తీశారు. ఇంకొకాయన చొంగ మింగాడు; మళ్లీ తీశారు. ఒకావిడ జడలో పిన్ను మర్చిపోయింది, మళ్లీ తీశారు. బుధవారం నుంచి కౌంటరమ్మకి ఇంకో వింత తోచింది. ఎవరూ ఏమీ అడగడం లేదు. లోపలికి గిన్నెల్లా వెళ్తున్నారు, బయటికి గిన్నెల్లా వస్తున్నారు. "డిస్కు తీసుకోండి" అని ఆవిడే పిలిచి ఇస్తే, "మాకెందుకులెండి, డాక్టరుకే ఇవ్వండి" అంటున్నారు. పెద్దమ్మ కూడా కనిపెట్టింది.

"ఏందమ్మాయ్, చచ్చిన ఇల్లులా ఉంది?"

"ప్రశాంతంగా ఉంది, పెద్దమ్మా."

"అదే కదా అంటున్నా."

శనివారం మధ్యాహ్నం ఒక అత్తా కోడలూ వచ్చారు. కోడలికి పాతికేళ్లుంటాయి, చెంప వాచలేదు, నొప్పీ అంతగా లేదు, ఏడాదిగా అడ్డంగా పడుకున్న జ్ఞానదంతం తీయించుకుందామని చీటీ రాయించుకుని వచ్చింది. కౌంటరమ్మ ఫారం ముందేసుకుని, హాల్లో పదకొండుమంది మగవాళ్లు వింటుండగా, అలవాటైన గొంతుతో చదివింది.

"బీపీ ఉందా? షుగరు ఉందా? గర్భం ఉందా?"

కోడలు తల అడ్డంగా ఊపింది. మూడింటికీ కలిపి ఒక్కటే ఊపు. కౌంటరమ్మ "లేదు, లేదు, లేదు" అని రాసేసింది. సంతకం పెడుతూ ఆ అమ్మాయి కలం ఆపి, "ఈ కిరణాలు... పళ్లకే వెళ్తాయా అండీ? కిందకి రావుగా?" అంది.

"ఎందుకమ్మా?"

"ఏం లేదులెండి."

ముందుగది తలుపు దగ్గర నిలబడ్డ మాస్టారు ఇది విన్నాడు. కౌంటరు దగ్గరకొచ్చి చాలా మెల్లగా అన్నాడు: "కౌంటరమ్మా, ఆ అమ్మాయి మాట మింగింది."

"అడిగానుగా. లేదంది."

"అలా అడిగితే నేనైనా లేదనే అంటాను."

అటు చూస్తే బావమరిది గడియారం కేసి చూస్తూ నిలబడి ఉన్నాడు. ఆ పక్క గదిలో డాక్టరుగారు, మాస్టారు తిరిగితే సాయంత్రం సంతకం పెట్టాల్సిన కాగితం బల్ల మీద పెట్టుకుని టీ తాగుతున్నారు. మాస్టారు ఆ అమ్మాయిని ముందుగదిలోకి పిలిచి స్టూలు మీద కూర్చోబెట్టాడు. బకెట్టు లేదు, ట్రే లేదు. చేతులు రెండూ చాచాడు. మోకాలు ఒకసారి టక్కుమంది.

కౌంటరమ్మకి ఏం జరగబోతోందో అర్థమైంది. ఒక్క చుట్టు. ఆ ఒక్క చుట్టుతో ఈ మనిషి పని అయిపోతుంది. తను రాసిన రెండు పేజీలే సాక్ష్యం. తొమ్మిదేళ్లలో మొదటిసారి ఆవిడ కౌంటరు పలక ఎత్తి ఇవతలికి వచ్చింది. హాల్లో జనం ఆవిడకి కాళ్లు కూడా ఉన్నాయా అన్నట్టు చూశారు.

"మాస్టారూ, ఆగండి! మీరు తిరిగితే ఉద్యోగం పోతుంది."

"పోతే పోనీ అమ్మా. కడుపుతో ఉన్న పిల్లేమో అని నాకు..."

"మీరు తిరగకూడదని రాశారు. నేను తిరగకూడదని ఎక్కడా రాయలేదు. పెద్దమ్మా! బకెట్టు!"

"నీళ్లున్నాయే!"

"పారబోసి ఇవ్వు!"

బకెట్టు వచ్చింది, అడుగున ఇంకా కొన్ని నీళ్లతో. ట్రే వెతికే తీరిక లేక ఫారాల అట్ట పట్టుకుంది. చేతులు చాచింది. అప్పుడుగానీ ఆవిడకి తెలియలేదు, తొమ్మిదేళ్లుగా గోడ అవతల నుంచి విన్న ఆ నాటకంలో తనకి ఒక్క డైలాగూ రాదని.

"ఇదిగోనమ్మా... నేను... నేను బకెట్టుని. ఇది అట్ట. మధ్యలో నువ్వు. జుయ్... జుయ్ జుయ్..."

"అది మిక్సీ చప్పుడు" అన్నాడు మాస్టారు గోడకి ఆనుకుని. "గొంతు తగ్గించి లాగాలి."

"మీరు నోర్మూసుకోండి! జుయ్‌య్‌య్‌..."

తిరగబోయి చీరకుచ్చెళ్లు తొక్కుకుంది. బకెట్టులో మిగిలిన నీళ్లు సరిగ్గా గుమ్మంలోకి వచ్చిన బావమరిది బూట్ల మీద పడ్డాయి. "బల్లి!" అని అరిచింది ఏం చేయాలో తోచక. బావమరిది ఎగిరి గంతేశాడు. "ఫెయిల్!" అన్నారు హాల్లో నుంచి ఎవరో. కోడలు నవ్వింది. ముందు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, తర్వాత చెయ్యి తీసేసి, కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. హాల్లో కుర్చీలోంచి తొంగిచూస్తున్న అత్తగారు కొంగు నోట్లో కుక్కుకుంది.

మూడో చుట్టులో కౌంటరమ్మ ముఖం ఆ అమ్మాయి చెవి దగ్గరకి వచ్చింది. ఏమీ అడగలేదు. అడిగే ఊపిరి ఆవిడకి లేదు. ఆ అమ్మాయే అంది, నవ్వు ఇంకా గొంతులో ఉండగానే: "మేడమ్, నాకు రెండో నెల. కిందటిసారి ముందే అందరికీ చెప్పాం, నిలవలేదు. ఈసారి నిలిచాకే చెబుదామని... అక్కడ అంతమందిలో అడిగేసరికి..."

కౌంటరమ్మ ఆగలేదు. ఆగితే అత్తగారికి అనుమానం వస్తుంది. ఇంకో చుట్టు తిరిగి, బకెట్టు దభాలున కింద పెట్టి, "కదిలింది! ఈ అమ్మాయి ఫెయిల్! ఇవాళ స్కాను లేదు, ఏమీ లేదు. ముందు డాక్టరుగారితో ఒక్కత్తే మాట్లాడాలి" అని గట్టిగా ప్రకటించింది.

డాక్టరుగారు టీ గ్లాసుతో ఎప్పుడు వచ్చి నిలబడ్డారో ఎవరూ చూడలేదు. రోజంతా ఇతరుల నోళ్లలో పనిచేసే మనిషి గనక తన నోరు ఎక్కువ వాడరు. "ఊఁ" అన్నారు. అమ్మాయిని లోపలికి తీసుకెళ్లి పది నిమిషాలు మాట్లాడి, చీటీ మీద గీత కొట్టారు. "ఏడాదిగా పడుకున్న పన్నే కదా. ఇంకొన్నాళ్లు పడుకోనీ. నొప్పి వస్తే మాత్రం ఓర్చుకోకుండా రామ్మా. నీ సంగతి ముందే చెప్పు, దానికి తగ్గట్టు చూస్తాను."

వెళ్తూ వెళ్తూ అత్తగారు కౌంటరు దగ్గర వెనకబడింది. కోడలు మెట్లు దిగేదాకా ఆగి, ముందుకి వంగింది.

"నాకు తెలుసమ్మా."

"ఏమిటండీ?"

"పొద్దున్న పూట టీ వాసన పడట్లేదు దానికి. నాకు తెలీదా? తను చెప్పేదాకా తెలీనట్టే ఉంటాను. మీరూ అలాగే ఉండండి."

"మరి ఇక్కడిదాకా ఎలా తీసుకొచ్చారండీ?" అంది కౌంటరమ్మ, గొంతు కాస్త పెరిగింది.

"వారం నుంచి నలిగిపోతున్నాను. డాక్టరు రాసిచ్చాక మనమేం అంటాంలే అనుకున్నాను. అంత చదువుకున్నవాళ్లని అడుగుతామా?"

ఆవిడ వెళ్లిపోయింది. కౌంటరమ్మ కౌంటరు వెనక్కి వెళ్లలేదు. స్టూలు మీద కూలబడి ఆయాసం తీర్చుకుంటూ, "మాస్టారూ, నిజం చెప్పండి. కదలకుండా కూర్చోండి అంటే చాలదా? ఇంత వేషం ఎందుకు?" అంది.

"మొదటి రెండేళ్లూ నేనూ అంతేనమ్మా. ఇస్త్రీ చేసిన తెల్లకోటు, పెద్ద గొంతు. ఒకాయనకి స్కాను తీశాక తెలిసింది, ఆ నెలలోనే రెండుచోట్ల తీయించుకుని వచ్చాడని. ఎందుకు చెప్పలేదయ్యా అంటే, మీరు అడగలేదుగా అన్నాడు. నేను అడిగాను. తెల్లకోటులోంచి అడిగాను, అందుకని వినపడలేదు." మాస్టారు మీసం సవరించుకున్నాడు. "తెల్లకోటు వేసుకున్నవాడిని ఎవరు ప్రశ్నలడుగుతారు? బకెట్టు పట్టుకుని తిరిగేవాణ్ణి ఎవరైనా అడుగుతారు. మనల్ని చూసి నవ్వినవాళ్లు మనల్ని చూసి భయపడరు. అంతే. మోకాళ్లు కాస్త అరుగుతాయనుకో."

కౌంటరమ్మ లేచింది. డాక్టరుగారి గదిలోకి వెళ్లి, బల్ల మీదున్న తన రెండు పేజీలూ తీసుకుని, చింపలేదు. వెనక్కి తిప్పి, ఖాళీగా ఉన్న వైపు ఏదో రాసి ఆయన ముందు పెట్టింది.

"ఈ వారం మళ్లీ తీసినవి ఏడా?" అన్నారు డాక్టరుగారు.

"ఏడండీ."

"అంతకుముందు?"

"ఏడాదికి రెండు. ఒకటి హెడ్మాస్టరుగారిది కావచ్చనుకున్నాం, కాదు, ఆయన పాసయ్యారు."

డాక్టరుగారు బావమరిది కేసి చూశారు. బావమరిది తన తడిసిన బూట్ల కేసి చూసుకున్నాడు. "బావా, నేను నిమిషాల లెక్క చూశాను గానీ..." అన్నాడు.

"ఊఁ" అన్నారు డాక్టరుగారు. ఆ ఊఁతో మాస్టారి ఉద్యోగం నిలబడింది, ఉత్తర్వు పడిపోయింది. ఫారంలోని ఆ మూడో ప్రశ్న కూడా హాల్లోంచి ముందుగదిలోకి తిరిగి వెళ్లిపోయింది.

చిక్కల్లా పెద్దమ్మతో వచ్చింది. ఆవిడ బకెట్టు కడిగి, బోర్లించి, దాని మీద కూర్చుంది.

"ఇవ్వను. పదకొండేళ్లు ఓర్చుకున్నా. మీ నాటకానికి మీరు కొనుక్కోండి."

ఎంత బతిమాలినా లేవలేదు. చివరికి బావమరిదినే బజారుకి పంపించారు. పావుగంట తర్వాత కౌంటరు మీద ఫోను మోగింది.

"హలో, నేనే. ఎన్ని లీటర్లది తీసుకోమంటారు? పిడి ప్లాస్టిక్‌దా, తీగదా? తీగదైతే లోహం కదా, పరవాలేదా? మూత అక్కర్లేదుగా? పేషంటుకి ఏ రంగైతే భయం వేయదు?"

కౌంటరమ్మ ఫోను చేత్తో మూసి, "మాస్టారూ, ఈయన ఆపేలా లేడు. ఏదో ఒకటి తెమ్మని పెట్టెయ్యనా?" అంది.

మాస్టారు అప్పటికే స్టూలు మధ్యకి లాగి, ట్రే తుడుస్తున్నాడు.

"వద్దమ్మా, అడగనీ," అన్నాడు. "ఇప్పుడే కదా మొదలుపెట్టాడు."